ఆరు నిమిషాలు దాటితే ఆపివేయవలెను

మా బడిలో మొదట ఆపేసింది ఫ్యానుని. తర్వాత ట్యూబులైటుని. మూడో వారానికి సోషల్ టీచర్ని కూడా ఆపేశారు. నేను అప్పటికి నాలుగేళ్లుగా ఆగిపోయే ఉన్నాను కాబట్టి నా విషయంలో ప్రభుత్వం కొత్తగా చేయవలసిందేమీ లేకపోయింది.

నా పేరు సత్యవేణి. పదో తరగతి, రెండో బల్ల, గోడ వైపు. బడిలో నా గొంతు విన్నవాళ్లు ఒక్క చేతి వేళ్లకి సరిపోతారు. హాజరు పిలిచినప్పుడు నేను పలికేది సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఉంటుందని నా పక్కన కూర్చునే షరీఫా అంటుంది. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికెళ్లి డైరీలో రాసుకుంటాను. లెక్కల్లో వచ్చే సందేహాలకి మాత్రం డైరీ వాడను. వాటిని ఒక లావుపాటి రఫ్ నోట్సు వెనక పేజీల్లో, తారీఖు వేసి, వరస సంఖ్య వేసి రాస్తాను. ఆరో తరగతి నుంచి అలా రాస్తూ రాస్తూ, ఈ కథ మొదలయ్యే నాటికి నూట నలభై మూడయ్యాయి. అందులో ఒక్కటి కూడా మాస్టార్ని అడగలేదు. అడగాలంటే చెయ్యి ఎత్తాలి. చెయ్యి ఎత్తితే అందరూ చూస్తారు.

మా లెక్కల మాస్టారు ఆదిశేషు గారు. కూర్చుని పాఠం చెప్పడం ఆయనకి రాదు. బోర్డుకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంటారు. మీసం మీద ఎప్పుడూ సుద్దపొడి. ఎనిమిదో తరగతి త్రైమాసిక పరీక్షలో, చతుర్భుజంలో నాలుగు కోణాలూ కలిపితే మూడు వందల అరవై డిగ్రీలని నిరూపించమన్నారు. పుస్తకంలో మూల నుంచి మూలకి ఒక గీత గీసి చూపించారు. నాకు ఆ గీత గుర్తు రాలేదు. చతుర్భుజం మధ్యలో ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి నాలుగు మూలలకీ నాలుగు గీతలు గీసి ఎలాగో నిరూపించాను. మాస్టారు నాలుగుకి నాలుగు వేసి, కింద ఎర్ర ఇంకుతో, 'దారి కొత్తగా ఉంది. ఎలా తట్టింది? చెప్పు' అని రాశారు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. చెప్పలేదు. అప్పటికి రెండేళ్లయింది.

ఇక పథకం సంగతి.

డాక్టర్ భానుజ్యోతి గారని ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త జిల్లా కేంద్రంలో ప్రసంగించారట. వందల కంప్యూటర్లు ఒకే భవనంలో పెట్టి నడిపేచోట కరెంటు ఎలా ఆదా చేయాలన్నది ఆవిడ పరిశోధన. కంప్యూటరుకి పని ఎప్పుడు వస్తుందో ముందు తెలియదు. పని లేకుండా వెలుగుతూ కూర్చుంటే కరెంటు దండగ. అలాగని ఆపేస్తే, మరుక్షణమే పని వచ్చిందంటే మళ్లీ లేపడానికి ఇంకా ఎక్కువ కరెంటు. ఏం జరుగుతుందో తెలియనప్పుడు ఎంతసేపు ఎదురుచూసి ఆపాలి? ఆవిడ చెప్పింది ఏమిటంటే, లేపడానికి ఎంత ఖర్చవుతుందో, ఎదురుచూడడానికి కూడా అంతే ఖర్చు పెట్టు, ఆ తర్వాత ఆపెయ్యి. అప్పుడు, రాబోయేదంతా ముందే తెలిసినవాడితో పోల్చినా నీ ఖర్చు రెట్టింపుకి మించదు. ఇదంతా నాకు తర్వాత ఆవిడే చెప్పారు. విన్నప్పుడు చాలా బాగుందనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ప్రసంగం ముందు వరసలో కూర్చుని విన్నవారు చిదంబరరావు గారు. జిల్లాలో ఏ కొత్త పథకం వచ్చినా దానికి నోడల్ అధికారి ఆయనే. దసరా సెలవులయ్యాక మా బడికి ఒక ఉత్తర్వు వచ్చింది. హెచ్చెమ్ తులసీరావు గారు ప్రార్థన దగ్గర దాన్ని నిలబడి చదివారు.

'పై విషయమునకు సంబంధించి తెలియజేయునదేమనగా, శక్తి సమర్థ పాఠశాల పథకము క్రింద మీ పాఠశాల ప్రయోగాత్మకముగా ఎంపిక కాబడినది. ఇకపై ఫ్యాను, లైటు, ఉపాధ్యాయుడు మొదలగు శక్తి వినియోగ వనరులను అభ్యర్థన లేని కాలములో విశ్రాంత స్థితియందు ఉంచవలెను. అభ్యర్థన అనగా విద్యార్థి నోటి ద్వారా వెలువడి, ఉపాధ్యాయుని చెవికి చేరిన సందేహముగా పరిగణించవలెను.'

ఉపాధ్యాయుణ్ణి విశ్రాంత స్థితి నుంచి లేపడానికి ఎంత సమయం పడుతుందో ప్రతి బడీ కొలుచుకోవాలట. హెచ్చెమ్ గారు ఆటల గదిలోంచి స్టాప్‌వాచీ తెచ్చి మెడలో వేసుకుని స్టాఫ్ రూముకి వెళ్లారు. టీ తాగుతున్న టీచరు గ్లాసు దించి, కళ్లజోడు వెతుక్కుని, క్లాసుకొచ్చి, నిన్న ఎక్కడిదాకా చెప్పామర్రా అని అడిగి, మొదటి వాక్యం చెప్పేసరికి సగటున ఆరు నిమిషాలు తేలింది. కాబట్టి ఆరు నిమిషాల పాటు సందేహం రాకపోతే ఏ టీచరైనా కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోవాలి. ఫ్యాను కట్టెయ్యాలి. ఎవరైనా సందేహం అడిగితేనే లేవాలి.

"పాఠం మధ్యలో ఉంటేనండీ?" అని ఆదిశేషు మాస్టారు అడిగారు.

"మధ్యలోనే ఆగిపోవాలి మాస్టారూ. యంత్రం మొహమాటపడదు కదా," అన్నారు హెచ్చెమ్ గారు.

అందులో ఇంకో రెండు నియమాలు ఉన్నాయి. వేగం రెట్టింపు చేస్తే యంత్రం తినే కరెంటు ఎనిమిది రెట్లు అవుతుందట, కాబట్టి ఎవరూ తొందరగా మాట్లాడకూడదు. తెలుగు టీచరు గారు ఒక్క పద్యాన్ని తొమ్మిది రోజులు చదివారు. ఐదో రోజున మొదటి పాదం ఏమిటో ఆవిడకే గుర్తు లేదు. రెండోది, పథకమంతా భవిష్యత్తు తెలియదన్న ఆధారం మీద నిలబడింది కాబట్టి, భవిష్యత్తు ఎవరికీ తెలియకూడదు. హెచ్చెమ్ గారు గోడ మీద టైం టేబులు చింపించేశారు. పరీక్ష తేదీల కాగితం బీరువాలో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్న భోజనం వండే అప్పాయమ్మ గారికి రేపటి వంటకం ముందుగా చెప్పడం మానేశారు.

"శనగలు నానెయ్యాలంటే ముందురోజు తెలియాలి కదండీ," అంది ఆవిడ.

"తెలియడం నిషేధం అప్పాయమ్మా. వచ్చిన పనిని వచ్చినట్టు చేసుకుపోవాలి."

ఆవిడ ఆ రోజు నుంచీ శనగలూ, పెసలూ రెండూ రోజూ నానెయ్యడం మొదలుపెట్టింది. ఖర్చు రెట్టింపుకి మించలేదు. పథకం మీద నివేదికలో ఒక్క అప్పాయమ్మ గారి విషయమే శాస్త్రానికి సరిపోయిందని భానుజ్యోతి గారు తర్వాత నాతో అన్నారు.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నుంచి మాస్టార్లు ఒక్కొక్కరే ఆగిపోసాగారు. దీనికి కారణం మా బడిలో ఉన్న ఒక అలవాటు. మాస్టారు "అర్థమైందా?" అని అడిగితే "అయ్యిందండీ" అనాలి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. ఒకటో తరగతిలో మొదటిరోజు మిగతావాళ్లతో కలిసి అనేస్తాం, అంతే. కాలేదని చెప్తే మాస్టారు మళ్లీ చెప్తారు. అప్పుడూ కాకపోతే బాధపడతారు. పొద్దున్నే బస్సు దిగి వచ్చిన మనిషిని బాధపెట్టడం దేనికని నలభై రెండు మందిమీ గొంతు కలిపి అయ్యిందండీ అంటాం. నేను కూడా పెదవులు కదుపుతాను.

దానికి తోడు, సందేహం అడిగితే తరగతి పేరు పక్కన ఎర్ర గీత పడుతుంది. నెలలో తక్కువ గీతలు పడ్డ తరగతికి క్యారమ్ బోర్డు ఇస్తామన్నారు. మావాళ్లకి అర్థం చేసుకోవడం కంటే క్యారమ్స్ ఎక్కువ ఇష్టం. పైగా మాస్టారు కళ్లు మూసుకుంటే ఎవరికి మాత్రం చేదు.

ఆదిశేషు మాస్టారికి మాత్రం కూర్చోవడం చేతకాలేదు. ఆరు నిమిషాలకి హెచ్చెమ్ గారు కిటికీలోంచి స్టాప్‌వాచీ చూపిస్తే, వాక్యం సగంలో ఆపి కుర్చీలో కూలబడేవారు. కళ్లు మూసుకునేవారు. కానీ కుడి చూపుడువేలు ఆయన మోకాలి మీద ఏదో రాస్తూనే ఉండేది. నేను రెండో బల్ల నుంచి ఆ వేలినే చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి అది వర్గసమీకరణం అని పోల్చుకున్నాను. ఇంకోసారి ఆయన మోకాలి మీద తప్పు చేసి, అరచేత్తో తుడిచి, మళ్లీ రాశారు.

మూడో వారంలో రెండో ఉత్తర్వు వచ్చింది. వరసగా ముప్పై పనిదినాలు ఒక్క అభ్యర్థన కూడా రాని పోస్టు 'దీర్ఘ విశ్రాంతి'లోకి వెళ్తుంది. అంటే మిగులు పోస్టుగా లెక్క. ఆ మాస్టార్ని వేరే మండలానికి సర్దుబాటు చేస్తారు.

ఆరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర షరీఫా రిజిస్టర్ చూసొచ్చింది.

"ఏవే సత్తెవేణీ, లెక్కల కింద గుండుసున్నాలే. పదమూడు రోజులైపోయాయి. మాస్టారు ఎల్లిపోతారంట."

మార్చిలో పబ్లిక్ పరీక్షలు. త్రికోణమితి ఇంకా మొదలే పెట్టలేదు. కొత్తవాళ్లని వేస్తారన్న మాట ఎవరూ నమ్మలేదు. హిందీ పోస్టు ఖాళీ అయి మూడేళ్లయింది.

"నువ్వడుగు," అన్నాను.

"నేనెలా అడుగుతానే? నాకు డౌటు రావాలంటే ముందు కొంచెమైనా అర్థం అవ్వాలి కదా. నీ దగ్గర నోట్సు నిండా ఉన్నాయి. ఒక్కటి అడగవే. ఒక్కటంటే ఒక్కటి. ముప్పై రోజులు మళ్లీ మొదటికొస్తాయి."

"రేపడుగుతాను," అన్నాను.

ఆ మాట పద్నాలుగో రోజునా, పదిహేనో రోజునా, పదహారో రోజునా అన్నాను. పదిహేడో రోజున నా చెయ్యి బల్ల మీద నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. మాస్టారు అటు తిరిగారు. నేను ఆ చేత్తో జడ సవరించుకున్నాను. డైరీలో ఆ రోజు పేజీ మీద, 'ఇంత పనికిమాలిన చెయ్యి నాకెందుకు ఇచ్చారో' అని మాత్రం ఉంది.

షరీఫా ఊరుకోలేదు. పద్దెనిమిదో రోజున తనే లేచి నిలబడింది. "మాస్టారూ, ఈ చాప్టర్ మొత్తం అర్థం కాలేదండీ."

మాస్టారు కళ్లు తెరిచారు. ఆ మొహంలో వెలుగు చూడాలి. సుద్దముక్క అందుకున్నారు కూడా. హెచ్చెమ్ గారు కిటికీలోంచి అన్నారు, "చెల్లదమ్మా. సందేహం నిర్దిష్టంగా ఉండాలి. ఏ పేజీ, ఏ లైను?"

"అన్ని పేజీలూ అండీ."

"కూర్చో."

మాస్టారు కళ్లు మూసుకున్నారు.

ఇరవై రెండో రోజున మేం ఒక పన్నాగం పన్నాం. నా నూట పన్నెండో సందేహాన్ని షరీఫాకి బట్టీ పట్టించాను. తను లేచి గడగడా అప్పజెప్పింది. "మాస్టారూ, బిందువుకి పొడవు లేదన్నారు కదండీ, పొడవు లేని బిందువులు ఎన్ని పక్కపక్కన పెడితే పొడవున్న గీత వస్తుందండీ?"

మాస్టారు కుర్చీలోంచి లేచిన తీరుకి కుర్చీ వెనక్కి పడింది. "అబ్బ, ఎంత మంచి ప్రశ్నమ్మా. సరే, నువ్వేమనుకుంటున్నావ్, ఎన్ని అయితే సరిపోతాయి?"

షరీఫా నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

"ఒక యాభై అండీ?" అంది షరీఫా.

హెచ్చెమ్ గారు లోపలికి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. ఉత్తర్వు చేతిలో ఉన్నప్పుడు తన బుర్రని కూడా విశ్రాంత స్థితిలో ఉంచేవారు, అంతే. "ఈ సందేహం నీదేనా?" అని అడిగారు.

"కాదండీ. ఒక మనిషిదండీ."

"ఒకరి సందేహం మరొకరు అడిగితే బదిలీ కింద వస్తుంది. బదిలీలకి పైనుంచి అనుమతి కావాలి." రిజిస్టర్లో సున్నా చుట్టారు.

మాస్టారు పడిపోయిన కుర్చీ ఎత్తుకుని కూర్చున్నారు. కళ్లు మూసుకునే ముందు క్లాసంతా ఒకసారి నెమ్మదిగా కలియజూశారు. ఆ మనిషి ఎవరా అని. నేను తల దించి, కాలిచెప్పు ఉంగరం సరిచేసుకున్నాను. అది బాగానే ఉంది.

ఇలా ఉండగా ఇరవై ఐదో రోజున నాకు అవార్డు వచ్చింది.

జిల్లా మొత్తం మీద పథకం కింద ఉన్న బడుల్లో, ఒక్క అభ్యర్థన కూడా చేయని విద్యార్థి ఎవరని వెతికారట. మిగతా అందరూ కనీసం బాత్రూముకైనా అడిగి వెళ్లారు. పోస్టు లెక్కలో అది సందేహం కాదు గానీ, విద్యార్థి లెక్కలో అదీ అభ్యర్థనే. నేను ఏడో తరగతి నుంచీ బడిలో అది కూడా అడగలేదు. పొద్దున్న నీళ్లు తాగకుండా వచ్చి, సాయంత్రం ఇంటికి పరిగెడతాను. కాబట్టి 'ఆదర్శ శక్తి సమర్థ విద్యార్థిని' నేనే. బహుమతి ప్రశంసాపత్రం, తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు.

ఇంట్లో చెబితే అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పింది. "మాట్లాడకపోతే బహుమానాలిస్తారా? అయితే మీ నాన్నకి పెళ్లైన ఏడాదే రావాలి." నాన్న నవ్వారు.

సభ ముప్పయ్యో రోజున పెట్టారు. వేరే ఉద్దేశం లేదు, చిదంబరరావు గారికి ఆరోజు ఖాళీ. భానుజ్యోతి గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడ పరిశోధన ఆధారంగా జరుగుతున్న పథకమని మాత్రమే చెప్పారట, ఏం జరుగుతోందో చెప్పలేదు. భవిష్యత్తు తెలియకూడదు కదా.

నన్ను ముందే వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. "కదలకమ్మా. సహజంగా ఉండు. నువ్వెలా ఉంటావో అలాగే," అన్నారు హెచ్చెమ్ గారు. నాకు అంతకంటే తెలిసిన విద్య లేదు. ఒళ్లో రఫ్ నోట్సు పెట్టుకున్నాను. అది ఎందుకు తెచ్చానో చెప్పమంటే చెప్పలేను. షరీఫా పొద్దున్న బడి గేటు దగ్గర నా బ్యాగులోంచి నోట్సు తీసి నా చేతిలో పెట్టి, "ఈరోజు ఆఖరే," అని వెళ్లిపోయింది. అంతే.

చిదంబరరావు గారు మైకు అందుకున్నారు. "ఈ బాలికను చూడండి. నలభై నిమిషాలుగా సభలో ఉన్నది. శబ్దము లేదు. చలనము లేదు. ఈమెపై ప్రభుత్వము వెచ్చించిన శక్తి దాదాపు శూన్యము. ప్రతి పాఠశాలలో ఇటువంటి విద్యార్థులు నూటికి నూరు శాతము రూపొందిన నాడు, పాఠశాలకు ఉపాధ్యాయులతో గానీ, పుస్తకములతో గానీ, భవనముతో గానీ అవసరముండదని సగర్వముగా మనవి చేయుచున్నాను."

చప్పట్లు పడ్డాయి. పాఠం అయ్యాక అయ్యిందండీ అన్నంత కచ్చితంగా పడ్డాయి.

"ఇదే శుభసందర్భములో," అన్నారాయన, "ముప్పది దినములుగా అభ్యర్థనలు లేని గణిత పోస్టును దీర్ఘ విశ్రాంతిలోకి పంపుచు, శ్రీ ఆదిశేషు గారికి సర్దుబాటు ఉత్తర్వును ముఖ్య అతిథి గారి చేతుల మీదుగా అందజేయవలసిందిగా కోరుచున్నాను."

మాస్టారు వేదిక పక్కన నిలబడి ఉన్నారు. సుద్దపొడి తుడుచుకుని వచ్చారు. మీసం ఎప్పుడూ అంత నల్లగా చూడలేదు.

భానుజ్యోతి గారు మైకులో కాకుండా చిదంబరరావు గారి వైపు వంగి అడిగారు. "ఈయన్ని ఎందుకు ఆపుతున్నారండీ?"

"మీ సూత్రమే కదా మేడం. పని రాకపోతే ఆపవలెను."

"అది కంప్యూటర్లకండీ."

"ప్రభుత్వానికి వివక్ష లేదు మేడం."

ఆవిడ నుదురు రుద్దుకున్నారు. "మా ల్యాబులో యంత్రాన్ని ఆపేముందు ఒకటి చూస్తాం. నిజంగా పని రాలేదా, లేక వచ్చిన పని ఎక్కడైనా దారిలో ఇరుక్కుందా అని. ఇక్కడ ఎవరైనా చూశారా?"

"రిజిస్టరు ఉన్నది మేడం. అన్నియును సున్నాలే," అన్నారు చిదంబరరావు గారు.

ముందు నా అవార్డు ఇచ్చేద్దామని హెచ్చెమ్ గారు సర్దిచెప్పారు. నా పేరు పిలిచారు. నేను లేచాను. నాలుగడుగుల దూరం. ఆవిడ నవ్వుతూ బల్బు చాపారు. పుచ్చుకుని థాంక్యూ మేడం అనాలి. ముందురోజంతా అద్దం ముందు సాధన చేశాను. ఆ రెండు మాటల బదులు నా చేతులు కదిలాయి. ఎడమ చెయ్యి బల్బు తీసుకుంది. కుడి చెయ్యి రఫ్ నోట్సుని ఆవిడ చేతిలో పెట్టింది. ఆ పనికిమాలిన చెయ్యే.

ఆవిడ నోట్సు ముందు నుంచి తెరిచారు. ఏమీ లేదు, లెక్కలు. నేను తిప్పి, వెనక నుంచి తెరిచి చూపించాను.

ఆవిడ చదవడం మొదలుపెట్టారు. ఒక పేజీ చదివి ఇంకో పేజీ తిప్పారు. సభ అంతా ఎదురుచూసింది. హెచ్చెమ్ గారు అలవాటు కొద్దీ స్టాప్‌వాచీ నొక్కారు.

"ఇవన్నీ నీవేనా?" అని అడిగారు నన్ను. తల ఊపాను. "ఎప్పటి నుంచి?" నోట్సులో మొదటి తారీఖు చూపించాను. ఆవిడ మైకు దగ్గరికి వెళ్లారు.

"పదిహేనేళ్లుగా ఇదే చదువుతున్నానండీ. నాలుగేళ్లు వరసలో నిలబడి, ఒక్కసారి కూడా తలుపు తట్టని పనిని ఇంతవరకూ చూడలేదు. నా సిద్ధాంతంలో పని వచ్చిందంటే యంత్రానికి తెలుస్తుందనుకున్నాను. వచ్చి, సిగ్గుపడి, గోడ పక్కన నిలబడుతుందని అనుకోలేదు. అది నా పొరపాటే. ఇక్కడ నూట నలభై మూడు పెండింగులో ఉన్నాయి. ఈ పోస్టుని ఆపడానికి వీల్లేదు."

చిదంబరరావు గారు జేబులోంచి ఉత్తర్వు తీశారు. పెండింగు అన్న మాట వినగానే ఏ అధికారికైనా కొంచెం భయం వేస్తుంది. "కానీ మేడం, నోటి ద్వారా వెలువడి, చెవికి చేరవలెను అని ఉన్నది. వ్రాతపూర్వకముగా చెల్లదు."

"అయితే వెలువడనివ్వండి," అన్నారు ఆవిడ.

ఇద్దరూ నావైపు తిరిగారు. అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేసుకున్నానో. నోరు తెరవకుండా తప్పించుకుందామని నోట్సు ఇచ్చాను. ఇప్పుడు ఒక్కసారి కాదు, నూట నలభై మూడుసార్లు తెరవాలి.

మైకు నా ఎత్తుకి దించారు. నోట్సు నా చేతిలోకి తిరిగొచ్చింది. కింద మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన చేతికింకా ఆ కవరు ఇవ్వలేదు, చిదంబరరావు గారి వేళ్ల మధ్య ఉంది. నేను దాన్నే చూస్తూ చదివాను.

"ఒకటి. ఆరో తరగతి, జూలై పన్నెండు." సైకిలు ట్యూబు శబ్దాన్ని మైకు పట్టుకుని ఊరంతటికీ వినిపించింది. "భిన్నాన్ని భిన్నంతో భాగించేటప్పుడు రెండో దాన్ని తలకిందులు చేయమన్నారు. చేశాను. కానీ అది ఏం తప్పు చేసింది?"

ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వరసలోంచి ఒక గొంతు, "ఔన్రా, ఎందుకు?" అంది. ఇంకో గొంతు, "నాకూ తెలీదు," అంది. మాస్టారు ఎవరి అనుమతీ అడగకుండా వేదిక ఎక్కేశారు.

చిదంబరరావు గారు అక్కడికక్కడే మూడో ఉత్తర్వు రాసిచ్చారు. నూట నలభై మూడు అభ్యర్థనలూ వచ్చిన వరస తప్పకుండా, రోజుకి ఐదు చొప్పున, ప్రార్థన దగ్గర, సదరు విద్యార్థిని స్వయముగా చదువవలెను. అవి పూర్తయ్యే వరకు గణిత పోస్టు మేల్కొని ఉండవలెను. సర్దుబాటు కవరు ఆయన జేబులోకి తిరిగి వెళ్లింది. నా అవార్డు మాత్రం వెనక్కి తీసుకున్నారు. నూట నలభై మూడు సందేహాలున్న మనిషిని ఆదర్శమని చూపడం కష్టం. బల్బు అప్పటికే బ్యాగులో పెట్టేశాను కాబట్టి అడగలేదు.

ఇరవై తొమ్మిది రోజులు రోజూ పొద్దున్నే నేను మొత్తం బడి ముందు నా అజ్ఞానాన్ని తారీఖులతో సహా చదివాను. డెబ్బై ఆరో దాని పక్కన, 'ఈ మాత్రం తెలియకపోతే షరీఫా నవ్వుతుంది' అని రాసుకున్నాను. అదీ చదవవలసి వచ్చింది. అభ్యర్థనలో మార్పులు చేయరాదట. షరీఫా నవ్వింది. మొదటి వారం నోట్సు మొహానికి అడ్డం పెట్టుకుని చదివాను. రెండో వారం దాన్ని గడ్డం దాకా దించాను. మూడో వారంలో ఒకరోజు నాకు జలుబు చేసి గొంతు పోతే, "ఇవాళ సత్తెవేణి లేదా?" అని ఏడో తరగతి పిల్లలు అడిగారట. మాస్టారు బోర్డుకీ తలుపుకీ మధ్య తిరుగుతూ త్రికోణమితి ముగించారు. మావాళ్లు కూడా అక్కడో ఇక్కడో చేతులెత్తసాగారు. ఎర్ర గీతలకి చోటు చాలక రిజిస్టర్ మార్చారు. క్యారమ్ బోర్డు తొమ్మిదో తరగతికి పోయింది. అందుకు కొందరు నాతో ఇప్పటికీ మాట్లాడరు.

ఇరవై తొమ్మిదో రోజున మూడే మిగిలాయి. చదివాను. మాస్టారు ప్రార్థన దగ్గరికి తెప్పించుకున్న బోర్డు మీద చెప్పారు. "అర్థమైందా?" అన్నారు. నలభై రెండు మందిమీ ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

హెచ్చెమ్ గారు రిజిస్టర్ మూస్తూ, "పెండింగు సున్నా. ఇక యథావిధిగా ఆరు నిమిషాలు మొదలు," అని స్టాప్‌వాచీ తీశారు.

"లేదండీ, ఇంకొకటుంది," అన్నారు మాస్టారు. "ఇది నాది. ఉపాధ్యాయుడు విద్యార్థిని అడిగినది. రెండేళ్లుగా పెండింగు. ఎనిమిదో తరగతి, త్రైమాసిక పరీక్ష." నావైపు తిరిగారు. "ఆ చుక్క చతుర్భుజం మధ్యలో పెట్టాలని ఎలా తట్టిందమ్మా?"

బడి మొత్తం నావైపు చూసింది. ఈసారి నోట్సులో ఏమీ లేదు, చూసి చదవడానికి. హెచ్చెమ్ గారు ఉత్తర్వు తిరగేశారు. ఉపాధ్యాయుడు అడగకూడదని అందులో ఎక్కడా లేదు. నియమం అందరికీ ఒకటే కాబట్టి స్టాప్‌వాచీని నావైపు తిప్పి నొక్కారు.

మాస్టారు తొందరపెట్టలేదు. షరీఫా నా వీపులో వేలు గుచ్చింది. అప్పాయమ్మ గారు నానేసిన శనగల గిన్నె చంకన పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మా గొడుగు విరిగిందండీ, మాస్టారూ," అన్నాను. "పుల్లలు నాలుగే మిగిలాయండీ. విప్పి పైనుంచి చూస్తే..."

ఆయన అప్పటికే సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగారు.

నేను నోరు విప్పడానికి పట్టిన కాలం ఐదు నిమిషాల యాభై సెకన్లని రిజిస్టర్లో ఉంది. ఇంకో పది సెకన్లు చూసి నిన్ను ఆపేసేవాణ్ణమ్మా అని హెచ్చెమ్ గారు తర్వాత నాతో అన్నారు.